నాలుగు పాయింట్ ఇరవై ఐదు

హలో… ఆ, నేనేరా, అక్కని.

లేదు, ఇంకా కాలేజీలోనే ఉన్నా. క్లాసు మధ్యలో లేచొచ్చేశా. వరండాలో నిలబడి మాట్లాడుతున్నా…

పాసవుతానో లేదో తర్వాత చూద్దాం. నువ్వు గేటు దగ్గరే ఉన్నావా?… పక్కనెవరు?… డ్రైవరా? వాడి చెవులు పాము చెవులు. కాస్త ఇవతలికి రా… వచ్చావా? సరే.

నవ్వనంటేనే చెప్తా… ఇవాళ మేడమ్ బోర్డు మీద రెండు అంకెలు రాసింది. ఒకటి సున్నా పాయింట్ మూడు, ఇంకోటి సున్నా పాయింట్ ఇరవై ఐదు. ఏది పెద్దది అని అడిగింది. అందరికంటే ముందు నేనే లేచి, ఇరవై ఐదు అన్నా…

ఆ, నువ్వూ అదే అంటావు. ఒక తల్లి పిల్లలమే కదా.

కాదట. మూడే పెద్దదట.

… నేనూ ఇలాగే వాదించా. పిల్లలందరూ ‘పిన్నీ, కూర్చో’ అని ఒకటే నవ్వు. మేడమ్ మాత్రం నవ్వలేదురా. ఓ పొడుగు కాగితం ముక్క తీసుకుని పది మడతలు పెట్టింది. మూడు మడతలు చూపించి, ఇది పాయింట్ మూడు అంది. తర్వాత ఒక్కో మడతలో మళ్లీ పది గీతలు గీసింది. మొత్తం వంద గీతలు. అందులో ఇరవై ఐదు లెక్కపెట్టమంది. లెక్కపెడితే… రెండు మడతలూ, సగం. అంతే. మూడో మడత సగంలోనే ఆగిపోయింది నా వేలు.

… సోది కాదురా. ఆ వేలు ఆగినచోటే నా గుండె కూడా ఆగింది.

మన ప్రెస్సు సెల్లార్లో మధ్య స్తంభానికి పగులుంది కదా. దాని మీద ఇంజినీరు గడియారంలాంటి చిన్న డబ్బా బిగించి వెళ్లాడు… నువ్వెప్పుడు చూశావులే, గేటు దాటి లోపలికొస్తే కదా. పగులు వెడల్పయ్యేకొద్దీ అందులో ముల్లు ముందుకి జరుగుతుంది. నేను ప్రతి సోమవారం చూసి పుస్తకంలో రాయాలి. పక్కనే గోడ మీద కాగితం అంటించాడు. ‘4.25 దాటితే వెంటనే ఫోన్ చేయాలి’ అని.

మొన్న సోమవారం ఎంతుందో తెలుసా? నాలుగు పాయింట్ ఎనిమిది.

… అదే! నేనూ అదే అనుకున్నా. ఎనిమిదెక్కడ, ఇరవై ఐదెక్కడ, నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఇంకా పదిహేడు ఉంది కదా అని చీపురు భుజాన వేసుకుని హాయిగా పైకొచ్చేశా.

ఆ ఎనిమిదంటే ఎనభైరా. ఇరవై ఐదు ఎప్పుడో దాటిపోయింది.

… మూడు వారాలైంది. మూడు పాయింట్… కాదు, నాలుగు పాయింట్ మూడు, తర్వాత ఐదు, తర్వాత ఎనిమిది. మూడు సోమవారాలూ మేనేజర్ సార్ ‘దాటిందా అమ్మా?’ అని అడగడం, నేను ‘ఇంకా చాలా ఉంది సార్’ అనడం. ఈ నోటితోనే.

వద్దు, సార్‌కి అప్పుడే చెప్పకు… స్టోర్ కీపర్ పోస్టురా. దానికోసమే కదా ఈ వయసులో ఈ పిల్లల మధ్య కూర్చున్నా. నాకు అంకెలే చదవడం రాదని తెలిస్తే స్టోరు తాళాలు ఇస్తారా? ఉన్న చీపురు కూడా లాక్కుంటారు. నువ్వొక్కడివే చప్పుడు చెయ్యకుండా కిందికెళ్లి, ముల్లెక్కడుందో చూసి చెప్పు. అక్కడే ఆగి ఉందనుకో, రేపు నేనొచ్చి మెల్లగా చెప్పుకుంటా.

… ఏంటి, లారీ దగ్గర పనుందా? ఏ లారీ?… పేపరు కట్టలా? ఎన్ని?… నిన్న రెండు లారీలు, ఇవాళ ఒకటా! ఎక్కడ దించారు?… రెండో అంతస్తులోనా? అది నీ పెళ్లాం వాళ్లు పుస్తకాలు కుట్టే హాలు కదరా. సరిగ్గా దాని బల్ల పక్కనే పేర్చారా… కిందంతా ఖాళీగా ఉంటే పైకెందుకు ఎక్కించారు?… తడుస్తుందనా.

వెళ్లు. ఇప్పుడే వెళ్లు. ఫోన్ కట్ చెయ్యకు.

… తలుపు రావట్లేదా? తాళం తిరిగిందా?… మరి సోమవారం మామూలుగానే తెరుచుకుందే. భుజంతో తొయ్యి… వద్దొద్దు, తొయ్యకు! మెల్లగా పైకెత్తి జరుపు… వచ్చిందా?

స్విచ్చి కుడివైపుంటుంది… వెలగట్లేదా. సరే, ఫోన్ లైటు వెయ్యి.

… కాళ్ల కింద ఇసకా? అక్కడ ఇసకెందుకుంటుంది? మంగళవారమే ఊడ్చాన్నేను… అది ఇసక కాదురా. గోడ రాలుతోంది.

స్తంభం కనపడిందా?… పగులు గురించి నాకు చెప్పకు. చెయ్యి పడుతోందనీ, వేలు పడుతోందనీ చెప్పకు. ముల్లు చూడు. పెద్ద అంకె ఎంత?… ఆరా? తలకిందులుగా చూస్తున్నావేమో, తొమ్మిదేమో… ఆరే. ఐదు తర్వాత ఆరు. ఆరు దాటి చిన్న గీతలెన్ని?… రెండు.

ఆరు పాయింట్ రెండు. ఆగు, ఆగు… నాలుగు ఎనిమిది నుంచి ఐదుకి రెండు. ఐదు నుంచి ఆరు పాయింట్ రెండుకి ఒకటి పాయింట్ రెండు… మొత్తం ఒకటి పాయింట్ నాలుగు. మూడు రోజుల్లో. ఒరేయ్, అంత జరగడానికి ముందు ఆర్నెల్లు పట్టిందిరా.

… మూడేంటి? ఇందాక రెండన్నావు.

చూస్తుండగానే జరిగిందా?

పైకి రా… ఇంకేం చూడక్కర్లేదు, పైకి రా… నా మాట విను, నీ కాళ్లు మొక్కుతా, రా… మెట్లెక్కావా?… ఎండలోకొచ్చావా?… హమ్మయ్య.

ఇప్పుడు సార్ దగ్గరికి పరుగెత్తు. ఫోన్ ఆయన చేతికివ్వు… చెప్తా. నేనే చెప్తా. ఇంకా దాచి ఏం చేసుకుంటా?

… నమస్కారం సార్. నేనే సార్, ఊడ్చే ఆవిణ్ణి. అందర్నీ బయటికి పంపించండి సార్, ముల్లు ఆరు దాటింది… అవును సార్, ఇంకా చాలా ఉందన్నది నేనే. తప్పు చెప్పాను… ఎవరూ భయపెట్టలేదు సార్. నాకు పాయింట్ తర్వాత అంకె చదవడం రాదు. ఇవాళే నేర్చుకున్నా, గంట కూడా కాలేదు…

నాకా పోస్టు వద్దు సార్. రేపు నన్ను పనిలోంచి తీసేయండి. ఇవాళ మాత్రం వాళ్లని కిందికి దించండి…

ఇంజినీరు ఎప్పుడొస్తారు?… సాయంత్రమా! సాయంత్రం దాకా అది ఆగుతుందని ఆయన చెప్పారా సార్?… పని ఆగితే మీకు మాటొస్తుంది, నిజమే. కానీ సార్, ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకండి. ఆ పుస్తకంలో నా అంకె కింద మీరు సంతకం పెట్టారు. మూడు సార్లు. నాకైతే రాదు. మీకు వచ్చు కదా సార్…

… చూడకుండా పెట్టారా.

సార్?… సార్?…

ఎవరూ, నువ్వేనారా? సారేరీ?… కిందికా! తన కళ్లతో చూస్తే గానీ నమ్మరటా?… పిలువు. గట్టిగా పిలువు… వినిపించుకోకపోతే పోనీ, నువ్వు బెల్లు కొట్టు. పెద్ద బెల్లు… ఆర్డరెవరిచ్చారని అడిగితే మా అక్క ఇచ్చిందని చెప్పు. ఉద్యోగం ఊడితే నేను పెడతా నీకు తిండి. కొట్టరా!

… ఆ. వినపడుతోంది.

వస్తున్నారా?… లిఫ్టు వద్దని అరిచి చెప్పు. సంచులూ చెప్పులూ తర్వాత, ఉత్తికాళ్లతో రమ్మను. గేటు దగ్గర కాదు, రోడ్డవతలికి పంపించు. ఒక్కొక్కర్నీ లెక్కపెట్టు. పైన ముప్ఫై మంది, సార్‌తో ముప్ఫై ఒకటి… పైకి చెప్పు, నాకు వినపడేలా… పద్నాలుగు… పందొమ్మిది… ఎందుకాగావు?… ఇరవై రెండు… నీ పెళ్లాం?… ఇంకా లేదా?… ఇరవై ఆరు… వచ్చిందా! దాన్ని రోడ్డు దాటించు ముందు… ఇరవై తొమ్మిది… ముప్ఫై.

సారు?

… మళ్లీ పట్టేసిందా తలుపు. లోపల్నుంచి కొడుతున్నారా.

నువ్వెళ్లకు… వద్దన్నానా! ఫైరింజన్‌కి ఫోన్ చేశారా?… డ్రైవరు చేశాడా, మంచిది, వాళ్లొస్తారు. వాళ్ల దగ్గర సామానుంటుంది. నీ దగ్గరేముంది, లాఠీ తప్ప?… ఆయన కేకలు నాకూ వినపడుతున్నాయిరా. నేనేం రాయిని కాదు. కానీ ఇందాక నిన్ను కిందికి పంపింది నా సిగ్గు కోసం. నలుగురిలో తలెత్తుకోవడం కోసం సొంత తమ్ముణ్ణి ఆ స్తంభం కిందికి తోశా. రెండోసారి పంపను. నాతో మాట్లాడుతూ అక్కడే నిలబడు. ఏదో ఒకటి మాట్లాడు… ఒరేయ్?… వింటున్నావా?…

నువ్వా అమ్మాయ్? నీ మొగుడేడీ?

ఫోన్ నీ చేతిలో పెట్టి… ఎందుకు వదిలావే! చొక్కా పట్టుకుని లాగాల్సింది కదే…

సరే. సరే, ఏడవకు. నిన్నేం అనను. తలుపు వైపు చూడు. చూస్తూ నాకు చెప్పు… గునపం తీసుకెళ్లాడా… తలుపు ఊడిందా?… లోపలికెందుకు వెళ్లాడు మరి?… సార్ కాలు ఇరుక్కుందా.

… దుమ్మా? ఎంత దుమ్ము?… ఎవరో వస్తున్నారా? ఒకరా, ఇద్దరా?… సరిగ్గా చూడు, వాడు పొడుగు కదా…

సారొక్కరేనా.

వెనక?… వెనక చూడవే. చెయ్యన్నా కనపడాలి కదా… ఆయన్ని ముందుకి తోసి వాడు… ఏంటా చప్పుడు?… అమ్మాయ్, ఏంటా చప్పుడు?… ఏయ్…

హలో…

హలో…

మేడమ్, ఇలా వరండాలోకి రండి… లైను పోయింది మేడమ్… మా తమ్ముడి నంబరే, అన్నిటికంటే పైనుంటుంది. మీరు నొక్కండి మేడమ్. నాకు అంకెలు కనపడటం లేదు.