పొయ్యి వెలగని ఇళ్లు

“ఆ ఫోను కింద పెట్టు ముందు.”

“పెడతా మ్మా. ఒక్క మెసేజు.”

“మీ నాయన ఆడ పండుకోని ఉండాడు. మొగం మీదికి గుడ్డ కప్పి ఇంకా తడి కూడా ఆరలేదు నా చేతులు. నువ్వు మెసేజు అంటాండావు.”

“చుట్టాలకే మ్మా. చెప్పద్దా? చెప్పకుంటే ఎట్ల వస్తారు?”

“మీ చిన్నాయన ఈరేశు చెప్పినాడు. నాగలమడికకు చెప్పినాడు. నిడుగల్లుకు చెప్పినాడు. ఈ ఊర్లో ఇంటింటికీ పోయి చెప్పినాడు. ఎవురైనా వచ్చినారా?”

“వస్తారులే.”

రాయచెర్లులో దొడ్డన్న ఆ పొద్దున పోయాడు. నెల్నాళ్లుగా మంచంలో ఉన్న మనిషే కాబట్టి ఊరికి అది వింత కాదు. వింతంతా వాకిట్లో ఉంది. ఊళ్లో ఎవరు పోయినా గొర్రెల్ని వదిలేసి వచ్చి పాడె కట్టిన మనిషి దొడ్డన్న. అలాంటి వాడి చావుకు, ఎండ నెత్తిమీదికి వస్తున్నా, పెళ్లాం బోరమ్మ, ఒక్కగానొక్క కొడుకు సుదీప్ తప్ప ఇంకో పిట్ట లేదు.

“వస్తారేందిరా, వచ్చినారు. అదో, ఎదురుగా ముత్తక్క అరుగు మీద చూడు. శివరాజు ఉండాడు. అంజినమ్మ ఉండాది. సగం ఊరు ఆడనే కూర్చోని ఈ పక్కకే చూస్తాండాది. వీధి దాటరు, అంతే.”

“యాల దాటరు?”

“నన్నడుగుతావా?”

“నాకేం తెలుసు మ్మా. మనోళ్లకు మైండ్‌సెట్టు సరిగ్గా లేదు.”

“ఏం సరిగ్గా లేదు?”

“ఏం లేదులే.”

“నువ్వు వాకిట్లో ఉన్నంతసేపు రారంట. ఈరేశు నా చెవిలో చెప్పిపోయినాడు. నువ్వు యాడికన్నా పోతే వస్తారంట. పాడె కడతారంట, మోస్తారంట. దొడ్డన్న మా మనిషే, వాని కొడుకు కూర్చున్న సావింట్లో మాత్రం మేము కూర్చోము అన్నారంట.”

“నేనేం చేసినా?”

“థూ.”

“కాదు మ్మా, నేనేం చేసినానో చెప్పు.”

“చెప్పేకి నోరు రాదు నాకు. అసయ్యం పుడతాది.”

“పలకరించేకి పోవడం తప్పా? సావుకు పోవల్ల, పెండ్లికి పోకపోయినా సావుకు పోవల్ల అని నువ్వే కదా చిన్నప్పటి నుంచి చెప్పింది.”

“పలకరించేకి పోయినావా నువ్వు?”

“పోలేదా? ఒక్క సావు తప్పినానా ఈ చుట్టుపక్కల?”

“తప్పలేదు. అదే కదా ఊరి బాధ. అంజినమ్మ మొగుడు పోయినప్పుడు ఏమన్నావు?”

“ఏమన్నా? ధైర్యం చెప్పినా.”

“ఏమని?”

“మర్చిపోయినా.”

“నేను మర్చిపోలేదు. నేను పక్కనే ఉండా. ఆ యమ్మ తల పట్టుకోని ఏడుస్తాంటే, నువ్వు పోయి ఆనుకోని కూర్చుంటివి. అంజినక్కా, చూడు అంజినక్కా, నా మాట విను అంజినక్కా అని…”

“మనిషితో మాట్లాడేటప్పుడు పేరు పలకల్ల మ్మా. అది ఒక హ్యాబిట్టు. పేరు పలికితే మనిషి దగ్గరైతాడు. మా కంపెనీ సార్ నేర్పించినాడు.”

“దగ్గరైనంక పొడి డబ్బా తీయమని కూడా నేర్పించినాడా? ఈ పొద్దు మీ ఇంట్లో పొయ్యి వెలిగించరు కదక్కా, ఈ పొడి రవంత నీళ్లల్ల కలుపుకోని తాగు, అన్నంతో పనే లేదు అంటివి.”

“ఆకలితో ఉండాది కదా అని చెప్పినా.”

“సావింట్లో పొయ్యి వెలగకుంటే పక్కింటోళ్లు తెస్తారురా అన్నం! నేనే తెచ్చినా ఆ పొద్దు. సంగటి గిన్నె పట్టుకోని నీ ఎనకనే నిలబడి ఉండా. నీ చేతిలో డబ్బా చూసి నాకు భూమిలోకి పోదామా అనిపించింది.”

“అది పౌష్టికం మ్మా. మంచి వస్తువు. నీకు అర్థం కాదు.”

“మంచి వస్తువైతే నీ పొడి మీ నాయన యాల తాగలేదు?”

“ఆయనకు నమ్మకం లేదు. నమ్మకం లేనోళ్లకు పని చేయదు.”

“గమ్మునుండు. శవం ముందర వాదిస్తాండావు.”

“నువ్వే కదా ఎత్తినావు.”

“సావిళ్లే యాల దొరికినాయిరా నీకు? అది చెప్పు.”

“దొరకడం కాదు. దినాం ముగ్గురు కొత్తోళ్లతో మాట్లాడల్ల మ్మా. ఒక్క దినం కూడా తప్పకూడదు. పండగైనా జ్వరమొచ్చినా తప్పకూడదు. అట్ల చేసినోళ్లే పైకొస్తారు. ఈ ఊర్లో నాకు కొత్తోళ్లు యాడుండారు? టీ అంగట్లో కూర్చుంటే నన్ను చూసి గ్లాసు సగంలో పెట్టి లేచిపోతారు. దారిలో పలకరిస్తే బండి తిప్పుకుంటారు.”

“సావింట్లో లేచిపోలేరు. అంతే కదా? సావింట్లో కూర్చున్నోళ్లు లేచిపోలేరు. అది కనిపెట్టినావు నువ్వు.”

“సార్ శానా మెచ్చుకున్నాడు దానికి. అందరికీ చెప్పినాడు, సుదీప్‌ను చూసి నేర్చుకోండి అని.”

“శివ శివా.”

“నువ్వు చెడ్డగా తీసుకుంటాండావు మ్మా. నేను పొద్దున్నే లేస్తా. తాగను, పేకాట ఆడను. భూములు సోలారు ప్లేట్లకిచ్చి బాడుగ తింటా ఊరు తిరిగే పిల్లోళ్లను చూడు, నన్ను చూడు.”

“వాళ్లు తాగి పండుకుంటారు. నువ్వు నీళ్లు తాగి ఊరి మీద పడతాండావు. ఆ ప్లేట్ల ముందర కోటేసుకోని నిలబడి ఫొటో తీసుకుంటివి, పొద్దున్నే లేస్తే ఇట్ల సంపాదించచ్చు అని అందరికీ పంపిస్తివి. ఆ ప్లేట్లు నీవా?”

“నేల మనదే కదా.”

“మీ నాయనది. ఆ కోటు కూడా ఎవుని దగ్గరో అడుక్కొచ్చింది.”

“అడుక్కోవడం కాదు, అందరమూ ఒకరి తర్వాత ఒకరు ఏసుకుంటాము.”

“సరే, కోటు పోనీ. అంజినమ్మ ఇంట్లో లేచేటప్పుడు ఏమన్నావు?”

“మళ్లీ ఆ యమ్మ దగ్గరికే పోతావేం?”

“ఏమన్నావురా?”

“పోయొస్తా అన్నా.”

“ఇంకా?”

“గురువారం మళ్లీ వస్తా అన్నా. మళ్లా ఎప్పుడు కలిసేదీ చెప్పకుండా లేయకూడదు మ్మా. అది రూలు. చెప్పకుండా లేస్తే అంతసేపు మాట్లాడింది ఉత్తదే అయిపోతాది.”

“సావింట్లో నుంచి చెప్పకుండా లేచి వస్తారురా! పాలు తాగే పిల్లోళ్లకు తెలుసు అది. మళ్లీ వస్తా అంటే ఆ ఇంట్లో మళ్లీ పీనుగు లేయల్లని అన్నట్లు. నువ్వు ఆ మాట అంటానే ఇంట్లో ఏడుపు నిలబడిపోయింది. అందరూ నీ మొగమే చూసినారు.”

“అవన్నీ పాతకాలం మాటలు.”

“నెల తిరక్కుండా అదే ఇంట్లో తిప్పమ్మ పోయింది.”

“ముసల్ది మ్మా! అంజినక్క అత్త. ఆ యమ్మ ఎప్పుడో పోవల్సింది. నా నోటి మాటకు పోయిందా?”

“నీ మాటకు పోలేదని నాకు తెలుసు. ఊరికి కూడా తెలుసు. తిప్పమ్మ పోయినందుకు కాదు వాళ్లు నిన్ను కాదంటాండేది. నువ్వు మళ్లీ పోయినావు చూడు, దానికి. అత్త శవం పక్కన ఆ యమ్మ కూర్చోనుంటే పోయి ఏమన్నావంట?”

“ఎవురు చెప్పినారు?”

“ఎవురైతేనేం.”

“మాట నిలబెట్టుకునే మనిషినని చెప్పినా, అంతే.”

“చెప్పినా కదక్కా మళ్లీ వస్తానని, వచ్చినా చూడు. అన్నావా లేదా?”

“అన్నా. నవ్వుతా అన్నా. మంచిగానే అన్నా.”

“నవ్వుతా అన్నాడంట! థూ, నీ బతుకు పాడుగాను! నేను కన్నానా నిన్ను? ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం పెట్టమంటే పెట్టినా కదరా నీకు. ఈ చేత్తోనే పెట్టినా. తెలిసుంటే పళ్లెం ఇసిరి కొట్టుందును.”

“అరవద్దు మ్మా. వాళ్లు చూస్తాండారు.”

“చూడనీ. చూడ్డానికే కదా కూర్చున్నారు. ఇప్పుడు నేనేం చేయల్ల? అది చెప్పు. నిన్ను పంపించేసి ఊరిని పిలిస్తే, తొలి మన్ను వేసేదెవురు? మీ నాయన్ను కొడుకు లేనోని మాదిరి పంపించల్లా? నిన్ను ఉంచుకుంటే పాడె పట్టేకి నాలుగు చేతులు లేవు. ఎట్ల లేపేది మనిషిని? నువ్వూ నేనూ మోస్తామా? ఈరేశుకు చెప్పినా నేను. వాడు కొడుకప్పా, వాణ్ణి పొమ్మని నేను చెప్పలేను, వాని దగ్గర మాట తీసుకుంటా, ఊరికి చెప్పి ఒప్పించు అన్నా. ఆ మాట ఇయ్యి నాకు.”

“ఏం మాట?”

“నాయన దినాలు అయ్యేదాకా నీ నోట్లో నుంచి పొడి మాట రాకూడదు. డబ్బా కనపడకూడదు. ఎవురినీ అక్కా అక్కా అని ఆనుకోని కూర్చోకూడదు.”

“ఈ పొద్దంతా మాట్లాడనులే.”

“ఈ పొద్దు కాదు, దినాలు అయ్యేదాకా.”

“దినాలకు శానామంది వస్తారు మ్మా. నిడుగల్లు నుంచి వస్తారు, అందరూ కొత్తోళ్లు…”

“సుదీపా!”

“సరే. సరే సరే. మాట్లాడను.”

“మీ నాయన కాళ్లు తాకి చెప్పు.”

“నామీద అంత నమ్మకం లేదా?”

“లేదు. తాకు.”

“తాకినా. మాట్లాడను. చాలా?”

“ఏందిరా అట్ల నిలబడిపోయినావు?”

“కాళ్లు సల్లగుండాయి మ్మా.”

“సల్లగుండకుండా ఎట్లుంటాయి.”

“నాకు ఏడుపొస్తలేదు. చూడు, రాదు. నాయన కాళ్లు పట్టుకున్నా కూడా రాదు. ఎప్పుడూ నవ్వుతా ఉండల్ల, మొగం వాడిపోకూడదు, బాధ మాట అనకూడదు అని దినాం అలవాటు చేసుకోని చేసుకోని… ఇప్పుడు ఏడుద్దామంటే యాడుందో తెలియడంలేదు.”

బోరమ్మకు కోపం ఉన్నట్టుండి జావగారిపోయింది. ఎంత అసహ్యించుకున్నా తను కన్న బిడ్డ. వాడి మొహం వైపు చూస్తే, జాతరలో తప్పిపోయి దొరికిన నాటి మొహంలాగే ఉంది.

“రా. ఈడ కూర్చో నా పక్కన. అట్ల ఎండలో నిలబడద్దు.”

“ఊరోళ్లు రారా మ్మా ఇంక?”

“వస్తారు. నేను పోతా. అంజినమ్మ కాళ్లు పట్టుకుంటా, శివరాజు కాళ్లు పట్టుకుంటా. మాట ఇచ్చినాడని చెప్తా. వాళ్లేం రాళ్లు కాదు… ఎవురిదిరా ఆ కారు?”

“మా సార్.”

కారు దిగినవాడు ప్రజ్వల్. పావగడ బజారులో బట్టల అంగడి వాళ్ల అబ్బాయి, సుదీప్‌ను ఈ పనిలోకి దింపిన మహానుభావుడు. నల్లకోటు, మెరిసే బూట్లు, రెండు చేతులా పట్టేంత పూలదండ. పలకరింపుకని వీధి దాటి ఆ వాకిట్లో మొదట అడుగుపెట్టింది అతనే.

“అమ్మా, నమస్కారం. నేను ప్రజ్వల్. ఏడవకండమ్మా, ధైర్యంగా ఉండాలి.”

“రా నాయనా. ఊర్లోవాళ్లు రాలేదు, నువ్వన్నా వచ్చినావు.”

“రాకుండా ఎలాగమ్మా? మీ కొడుకు మామూలు మనిషి కాదు. ఈ పొద్దు క్లాసులో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు మీవాడికి.”

“చప్పట్లా? యాల?”

“సార్, ఆ సంగతి తర్వాత మాట్లాడదాం సార్. దండ ఇట్లియ్యండి.”

“చెప్పనీ సుదీప్. కన్నతల్లికి తెలియొద్దా? ఫోన్లోనే అమ్మా క్లాసు, తెల్లారకముందే పెడతాము. దినాం లేచి హాజరు కావడం మా మొదటి అలవాటు. మీవాడు లేచి ఏమన్నాడో తెలుసా? మా నాయన ఇప్పుడే కన్నుమూసినాడు, లోపల పండబెట్టి వచ్చినాను, అయినా క్లాసు తప్పలేదు అన్నాడమ్మా! సగంమంది ఏడ్చేసినారు. మూడు నెలలుగా నానుస్తున్న ఇద్దరు అప్పటికప్పుడు మా కంపెనీలో చేరిపోయినారు.”

“సార్, రండి సార్, కారు దగ్గరికి పోదాం.”

“ఉండురా నువ్వు. నాయనా, ఇంకా చీకటే కదా అప్పుడు?”

“చీకటే అమ్మా. సూర్యుడు రాకముందే అయిపోతుంది మా క్లాసు.”

“ఆయన పోయింది గొర్రెలు తోలే యాళకు.”

“ఏమన్నారమ్మా?”

“పొద్దు బాగా ఎక్కినంక. మంచి ఎండ పడినంక. లేచి గోడకానుకోని కూర్చున్నాడు. నా చేత గ్లాసెడు నీళ్లు తాగినాడు. సుదీపు యాడ అని అడిగినాడు. మిద్దె మీద ఫోన్లో ఉండాడు, పిలుస్తా ఉండు అంటే, వద్దులే, వాని పని వాణ్ణి చేసుకోనీ అన్నాడు.”

“మ్మా…”

“నువ్వు అప్పటికే సంపేసినావు ఆయన్ను.”

“ఎట్లయినా పోతాడనే కదా మ్మా! డాక్టరు చెప్పింది కదా, ఈ పొద్దో రేపో అని. ఒక పూట ముందు చెప్పినా, అంతే. ఒక్క పూట!”

“ఆ దండ తీసుకోని పో నాయనా. వీణ్ణి కూడా కార్లో ఎక్కించుకోని పో.”

“మ్మా, నేను మాట ఇచ్చినా కదా! కాళ్లు తాకినా కదా!”

“ఈరేశా! ఓ ఈరేశా! అందర్నీ పిలుచుకోని రాప్పా. అంజినమ్మను కూడా రమ్మను. ఈ ఇంట్లో కొడుకు లేడు, తొలి మన్ను నేనే వేస్తా.”