యశోదమ్మను పాతిన చేను

మాత్ర పని చేయలేదని చెప్పడానికి రాలేదు డాక్టరమ్మా. పని చేస్తోంది. ఛాతీ బిగుసుకోవడం తగ్గింది, చేతుల వణుకూ తగ్గింది. నా ఫిర్యాదు మీ సలహా మీద. భయపడే చోటికే ఒకసారి వెళ్ళి నిలబడండి, భయం అరుగుతుంది అన్నారు. వెళ్ళినాను. అరగలేదు.

మొదటిసారి మీకు సగమే చెప్పినాను. మోడం పడితే, అదే, మబ్బు కమ్మితే ఊపిరాడదు అన్నానే గానీ, ఎందుకో చెప్పలేదు. వానకోసం మొక్కుకునే జిల్లాలో మబ్బుకు భయపడే మనిషి! అందులోనూ వ్యవసాయ శాఖలో పని చేసి రిటైరైనవాణ్ణి. మీరు నవ్వలేదు. అందుకే మళ్ళీ వచ్చినాను.

ఎట్లా విన్నానో ముందు చెప్పనివ్వండి.

కొన్నేళ్ళ కింద ఒక పెళ్ళికి పోయి వస్తూ ఉరవకొండ బస్టాండులో టీ తాగుతున్నాను. పక్క బల్లమీద ఇద్దరు రైతులు. నేనెవరో వాళ్ళకు తెలియదు. ఆ ఏడు వాన బాగా పడింది, ఆ ముచ్చటే నడుస్తోంది. వారిలో పెద్దాయన బీడీ ఆర్పుతూ, చాలా మామూలుగా అన్నాడు.

"ఆ బొల్లాయమ్మను తీసి కాల్చినాకనే గదప్పా మోడం కరిగింది."

రెండో ఆయన మా ఊరి పేరు చెప్పి, ఆ ఊరేనా అని అడిగినాడు. ఆ ఊరే అన్నాడు ఈయన.

మీరు కోస్తావారు, వివరించాలి. బొల్లి మచ్చలున్న మనిషిని పాతిపెడితే ఆ నేలమీద వాన పడదని మా పక్క ఒక పాత నమ్మకం. కరువు ముదిరితే తవ్వి తీసి కాలుస్తారు. మా ఇంట్లో కాల్చడం లేదు, పాతడమే ఆచారం. మా ఊళ్ళో బొల్లి ఉండి పోయినది ఒక్కరే. యశోదమ్మ. నా భార్య. ఆమె పోయిన తర్వాత వానలు వరసగా ఎగ్గొట్టినాయి, అది నిజం.

చేతుల మీద మొదలైంది ఆమెకు. ఆ చేతులతోనే అందరికీ వడ్డించేది. ఒకసారి మా బావగారు విస్తరి ముందు నుంచి లేవబోతే, "కూచోన్నా. ఉప్పు తక్కువైతే చెప్పు, రంగైతే కూరలోకి దిగదు" అనింది. ఆయన కూర్చున్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు కూడా.

ఆ, బస్టాండు. గ్లాసు కింద పెట్టబోతే బల్ల అందలేదు. చెవుల్లో హోరు, ఎడమచేయి తిమ్మిరి. ఇదే పోవడమంటే అనుకున్నాను. ఆ ఇద్దరే నన్ను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయినారు. మంచివాళ్ళు. దారిపొడుగునా ఆ పెద్దాయన నా వీపు నిమురుతూనే ఉన్నాడు. ఈసీజీ బాగుంది, గ్యాస్ అన్నారు. చాలాకాలం గ్యాస్ మాత్రలే మింగినాను. చివరికి ఒక గుండె డాక్టరు, ఇది గుండె కాదు, భయం అని మీ దగ్గరికి పంపినాడు.

అడగకపోతానా? సేద్యం చూసేది నా తమ్ముడు దివాకర్. సమాధి అతని చేలోనే ఉంది. ఊరోళ్ళ మాటలు పట్టించుకోవద్దని నవ్వినాడు. వదినను ముట్టే మగోడు ఈ ఊళ్ళో పుట్టలేదన్నాడు. ఆ చుట్టుపక్కలే గొర్రెలు మేపే సోమప్పను పిలిచి అడిగినాను. ఆ పొద్దు గొర్లను అటుపక్క తోలలేదన్నాడు. ఏ పొద్దు సోమప్పా, నేను ఏ రోజనీ చెప్పలేదే, అంటే తలగుడ్డ సర్దుకున్నాడు.

మీరు చెప్పినాక వెళ్ళినాను. మట్టి దిబ్బ, పైన రాయి, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మట్టి చూసి ఏం తెలుస్తుంది? తెలుసుకోవడానికి దారి ఒకటే. సోమప్ప చేత గడ్డపార తెప్పించినాను. అంతలో దివాకర్ మోటారుసైకిలు మీద వచ్చినాడు. ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. బండి దిగకుండానే మాట్లాడినాడు.

"తవ్వన్నా. లోపల ఉంటే నీ అనుమానం తీరతాది. లేకుంటే ఏం జేస్తావు? కురిసిన వానను వాపసు పంపిస్తావా?"

ఆమె లోపల ఉంటే, ఆమెను మొదట తవ్వినవాణ్ణి నేనే అవుతాను. లేకపోతే... ఆ మాట మనసులో పూర్తి కాకముందే ఊపిరి ఆగింది. సోమప్ప భుజం పట్టుకుని నేలమీద కూర్చున్నాను. గడ్డపార మట్టికి తగలనే లేదు.

అది నిరుడు. మళ్ళీ ఎందుకు రాలేదంటారా? ఏమి తేలిందని రావాలి?

దివాకర్ సర్పంచి అయినాడు. ఆ వానకు పండిన శెనక్కాయలు ఆ ఏడే నాకూ ఒక మూట పంపించినాడు. పారేయడానికి చేతులు రాలేదు. వేయించుకుని తిన్నాను. సోమప్ప గొర్రెలు అమ్మేసి సోమందేపల్లె దగ్గర ఏదో గోడౌనుకు కాపలా పోయినాడు. ఫోను చేస్తే ఎత్తడు. టీ బల్ల మీది ఆ ఇద్దరినీ మళ్ళీ చూడలేదు. యశోదమ్మ ఎక్కడ ఉందో నాకు తెలియదు.

నా సంగతంటారా? ఆ వాన బంగాళాఖాతంలో వాయుగుండం వల్ల వచ్చింది. ఎవరినీ కాల్చనక్కరలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైతులకు ఆ పాఠం చెప్పింది నేనే. అయినా చూడండి, ఈ ఏడు విత్తనం వేసి ఊరంతా పైకి చూస్తోంది. నేనూ చూస్తున్నాను. మోడం పడుతుంది, గాలి లేస్తుంది, తేలిపోతుంది. చేలు ఎండుతున్నాయి.

తేలిపోయిన రోజు నాకు ఊపిరి బాగా ఆడుతుంది. వాన రాలేదంటే ఆమె ఇంకా మట్టిలోనే ఉందని, నేనూ వాళ్ళలాగే నమ్ముతున్నాను డాక్టరమ్మా. ఆ రోజు మీ మాత్ర కూడా వేసుకోను.