రెండు పేజీల ఫిర్యాదు

హలో… ఆ, నేనే. టూపూ టీచర్‌ని. ఇందాక నీ షెడ్డుకు ఫోన్ చేసింది కూడా నేనే, మతాయో.

క్షేమమే. అది తర్వాత. అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది — ముందు అది తేలాలి… నాకు జరిగింది. పోయిన వారం నా మోటార్‌సైకిల్‌కు కొత్త స్టార్టర్ మోటారు వేశానన్నావు. ఈ ఉదయం అది ఉలకదు, పలకదు.

అవును, ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. పదింటికి చర్చి మహిళా సంఘంలో చదువుతాను. ఆ తర్వాత ఈ రరోతొంగా దీవిలో ఏ ఆడదీ నీ దగ్గరికి బండి తీసుకురాదు… అందుకే అంటున్నాను, దీన్ని బాగుచెయ్యి. బండి కదలకపోతే నీ మీద ఫిర్యాదు చదవడానికి నేను వెళ్ళేదెలా?

నవ్వకు.

ముంగిట్లోనే ఉంది, మా ఆయన సమాధి పక్కన… లైటు వెలుగుతోంది. హారన్ మోగుతోంది. స్టార్టర్ నొక్కితే మాత్రం టిక్కుమని కూడా అనదు… హ్యాండిల్‌కు పూలమాలా? ఉంది. నిన్న బాప్తిస్మంలో నా మెళ్ళో వేశారు, ఇంటికొచ్చి బండికి తగిలించాను. పూలకూ స్టార్టర్‌కూ ఏమిటి సంబంధం?… ఉండనివ్వమంటావా. సరే.

మోకాళ్ళ మీద కూర్చోవాలా? ఈ పగడపు రాళ్ళ మీదా?… నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు, మతాయో… సరే. కూర్చున్నాను.

పక్క మూత తీశాను. స్క్రూలు సమాధి మీద పెడుతున్నాను. బతికున్నప్పుడైతే ఆయన వంద ప్రశ్నలు వేసేవారు… బ్యాటరీ తీగల దగ్గర తెల్లటి పొడి… ఉప్పుగాలి, ఇంకేముంది. గీకాను… బిగించాను… లేదు, పలకలేదు.

ఫ్యూజు మాడలేదు…

స్క్రూడ్రైవర్‌తో బ్యాటరీ పక్కనున్న ఆ రెండు బోల్టులూ కలపాలా?… న్యూట్రల్‌లోనే ఉంది… ప్రభువా! నిప్పురవ్వలు!… ఆ. తిరిగింది. మోటారు గిర్రున తిరిగింది.

అంటే… నువ్వు వేసిన మోటారు మంచిదే.

మరి లోపం ఎక్కడ?… ఇంజన్ ఆపే ఎర్ర మీటా? కుడిచేతి వైపు… మాల కింద ఉంది. ఆఫ్ వైపు ఒరిగిపోయింది… మాల బరువుకు.

……

మతాయో. ఇది అన్నిటికన్నా ముందు చూడాల్సింది. నువ్వు చివర చెప్పావు… కావాలనేనా?

మన బడిలో సిస్టర్ ఒడిల్ బండి… గుర్తుంది. ఆమె పుట్టినరోజు. పిల్లలు వేసిన మాలలన్నీ హ్యాండిల్‌కే తగిలించింది. బండి కదల్లేదు. నీ చెయ్యి దాని మీద ఉండడం నేను చూశాను, నువ్వే పాడుచేశావని తీర్పు చెప్పేశాను… 'మాల వల్లే టీచర్' అన్నావు. అబద్ధమాడకు అన్నాను. గంటసేపు మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను, ఇలాంటి రాళ్ళ మీదే. తొమ్మిదేళ్ళ వాడివి.

నేను కూర్చుని ఎంతసేపైంది?… నలభై నిమిషాలు.

వద్దు, లేవను… స్టార్టరూ నొక్కను. గంట అంటే గంటే… బతిమాలితే శిక్ష తగ్గుతుందా? నీకు తగ్గించానా?… ఫోన్ పెట్టెయ్యకు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు. అప్పుడు వినలేదు, ఇప్పుడు వింటాను.

……

ఊఁ…

మీట సరిచేసి, స్టార్ట్ చేసి చూపించబోతుంటే… నేనొచ్చి చెవి పట్టుకున్నాను. ఊఁ…

……

మీ అమ్మకు చెప్పలేదా?… ఎందుకని?… నా మాటే నమ్ముతుందనా.

……

ఫిర్యాదా? చదవకుండా ఎలా ఉంటాను? పదింటికే, రెండు పేజీలూ. నేరమూ, నేరస్థురాలి పేరూ మారతాయి, అంతే… వాదించకు. నీకు ఎప్పుడూ ఇదే అలవాటు.

……

అరవై నిమిషాలు. సమాధి పట్టుకుని లేస్తున్నాను… ఉండు, కాళ్ళు నా మాట వినడం లేదు… ఆ. మాల తీశాను. మీట సరిచేశాను. నొక్కుతున్నాను…

విన్నావా, మతాయో?

ఇక నీకు నేను బాకీ లేను. ఉంటాను.