సింహాచలం బిళ్ళ

నువ్వేటి సూసేవో అది సెప్పు ముందు. విన్నది కాదు, ఆడెవడో సెప్పమన్నది కాదు, నీ రెండు కళ్ళతో సూసింది. ఊఁ, కూకో. ఆ కంపెనీ టోపీ తీసి పక్కనెట్టు. పైపు అతుకులకి ఎక్సురే ఫొటో తీసే పెట్టి, అవును, తెలుసు నాకు. అందులోంచి బైటికొచ్చిన పెసరగింజంత ముక్క మళ్ళీ లోనకి ఎల్లలేదు. సరే. ఆ ముక్క కిరణాలకి మీటరు కీచుమని అరిసింది. సరే, అప్పుడేటి సేసేరు? ఆఁ? మీటరు నొక్కి ఆపీసేరా? ఓరి దుర్మార్గుల్లారా! కుక్క మొరిగితే దొంగని పట్టుకోకుండా కుక్క మూతి కట్టీసేరన్నమాట. ఇప్పుడు రేపు ఆఫీసర్లు అచ్యుతాపురంలో మీ కంపెనీకి వత్తే, ఆ టైముకి మేం క్యాంటీన్లో ఉన్నామని సెప్పమన్నాడు మీ సూపర్వైజరు. బాగుంది. నువ్వేటన్నావు? అలా నేల సూడకురా అయ్యప్పా. నేల సూసి మాటాడినోడి గతేటో నాకు తెలుసు.

మీ తాత సింహాచలం ఎలా పోనాడో సెప్పు సూద్దాం. 'తాగి' అంటావా. సూసేవా, ఎంత తొందరగా వచ్చీసిందో నోటికి! ఒరే, మునగపాక చుట్టుపట్ల బెల్లం వండినోళ్ళలో సుక్క ముట్టనోడు ఎవడయ్యా అంటే ఆడొక్కడే. పొయ్యి కాడ ఎండిపోయిన గొంతుక్కి మిగతావాళ్ళం ఏదో ఒకటి ఏసుకునీవాళ్ళం, నాకు సిగ్గేటి. ఆడు మాత్రం మజ్జిగే. పాకం ఉడుకుతంటే సెయ్యి నీళ్ళలో ముంచి, పెనంలో ఏలెట్టి తీసి, ఉండ సుట్టి సూసీవోడు. 'ఇంకో రెండు మంటలు బావా' అనీవోడు. రెండంటే రెండే. బెల్లం బంగారపు రంగులో దిగీది. ఇప్పుడేటి, తెల్లగా రావాలని మందులు కలిపేత్తన్నారు, అది బెల్లమేనా? సరే, అదొదిలీ. ఎందుకు సెప్తన్నానంటే, ఏడి అంటే, అదే కాక అంటే, ఏటో ఆడికి ఏలి కొసకి తెలుసు. అదే ఆడి కొంప ముంచింది.

ఆ యేడు సెరుక్కి ఎర్రకుళ్ళొచ్చింది. గానుగలు ఆడలేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు కాడ ఒక మేస్త్రి కలిసేడు. కరెంటు తయారుసేసే ఫేక్టరీ, రైల్లో రెండ్రోజులు, తుడిసే పనేనన్నాడు. పన్నెండు మందిమి ఎల్లేం. అణు కరెంటన్నారు. అనువైన కరెంటేమో అనుకున్నాం, నవ్వకు, మాకెవడు సెప్పేడు? అప్పటికే అది దెబ్బతిన్న ఫేక్టరీ అని కూడా తెలీదు. లోపలేదో పైపు పగిలి ఆపీసేరు, బాగుసేసినోళ్ళ ఎనకాల తుడవడానికి మేం. ఒక తలుపు మీద ఎర్ర అచ్చరాలున్నాయి. ఏటని అడిగితే మేస్త్రి 'అది హాటు ఏరియా, ఆగకండి, గబగబా నడండి' అన్నాడు. హాటంటే ఏడని సింహాచలానికీ తెలుసు. ఎల్లి గోడ మీద అరిసెయ్యి ఆనించి సూసేడు. సల్లగా, కుండలా ఉంది. 'ఏటి హాటురా ఇది? పెనం కాడ పుట్టినోళ్ళకి సెప్పే మాటేనా?' అని ఒకటే నవ్వు. అందరం నవ్వేం. అందరం సెయ్యెట్టి సూసేం. కాలని నిప్పు ఒకటుంటాదని ఎవడికి తెలుసు?

ఇంకొకటి. మా సొక్కాలకి తలో బిళ్ళ ఇచ్చేరు. లోపల ఫిలిం ముక్క ఉంటాది, మనిషికి ఆ కాలని నిప్పు ఎంత తగిలిందో అందులో పడతాది. అంతే, అది రాసుకుంటాది, కాపాడదు. ఆ మాట సెప్పేరో లేదో, సెప్పినా హిందీలో సెప్పుంటారు. మాకు తెలిసిన బిళ్ళ తాయెత్తు బిళ్ళే. అదుంటే ఏదీ దరి సేరదనుకున్నాం. కొందరు పొద్దున్నే కళ్ళకద్దుకునీవారు కూడా. నేనూ అద్దుకున్నాను, ఎందుకబద్ధం.

ఒకరోజు పొద్దున్న సైరనేసేరు. బాగుసేసిన పైపు మళ్ళీ ఊడిందంట. కింద గదిలో మడమల్లోతు నీళ్ళు. ఇంజినీర్లు మెట్ల పైనుంచి టార్చిలేసి సూత్తన్నారు, ఒక్కడూ దిగడు. మాకు గోనె సంచులు, బకెట్లు ఇచ్చి దిగమన్నారు. మనిషికి మూడు నిమిషాలు. గుమ్మం బైట ఒకడు గడియారం సూసి ఈల ఊదాలి. అప్పుడు సూసుకుంటే నా బిళ్ళ లేదు. ఎక్కడ ఊడిపోయిందో! 'బిళ్ళ లేకుండా నేను ఎల్లను, సచ్చిపోతాను' అని ఏడుపు మొదలెట్టీసేను, ఇరవయ్యేడేళ్ళ దున్నపోతుని. మీ తాత తన బిళ్ళ ఇప్పి నా సొక్కాకి గుచ్చేడు. 'రమణ బావా, నీ కాళ్ళు సూడు, గంగిరెద్దు కాళ్ళలా ఆడతన్నాయి. నువ్వు గుమ్మం కాడ ఈల ఊదుకో. నాకు నూకాలమ్మ తల్లుంది' అన్నాడు. మేస్త్రి సూసేడు. సూసి, మొహం అటు తిప్పీసేడు.

ఆడికిచ్చిన బూట్లు పట్టలేదు. ఉత్తికాళ్ళతో దిగేడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇద్దరు పారిపోతే ఆల్ల వంతూ ఈడే దిగేడు. పైకొచ్చి 'నీళ్ళు గోరెచ్చగా హాయిగా ఉన్నాయిరా బావా' అన్నాడు. నాకిప్పుడు అరవయ్యేడు. మా కోడలు సలికాలం గోరెచ్చని నీళ్ళు పెడితే ఇప్పటికీ కాళ్ళు కడుక్కోలేను. నాకు మతిపోయిందనుకుంటాది అది.

ఆ సాయంత్రమే మమ్మల్ని రైలెక్కించీసేరు. రైల్లో ఆడికి ఒకటే వాంతులు. 'రైలు పడలేదురా' అన్నాడు. ఇంటికొచ్చేక పది రోజులు బాగానే ఉన్నాడు, మీ నాన్నని భుజానెక్కించుకుని తిరిగేడు. ఆ తరవాత పాదాలు ఎర్రబడ్డాయి. పాకం పడితే ఎలా పొక్కుతాయో అలా పొక్కేయి. సూసినోళ్ళు 'ఈడెప్పుడు పాకం మీదోసుకున్నాడు, గానుగలే ఆడలేదు కదా' అన్నారు. జుత్తు తలగడకి అంటుకుని వచ్చీసింది. సిగుళ్ళలోంచి నెత్తురు. సాకలి బట్టలు ముట్టనన్నాడు. మేనత్త గుమ్మం దాటి రాలేదు. తలుపులమ్మ ఒక్కర్తే, మీ నానమ్మ, ఆ కాళ్ళు వొళ్ళో ఎట్టుకుని ఏపాకు నీళ్ళతో తుడిసీది. నలభయ్యో రోజున పోనాడు.

తరవాత జీపులో ఇద్దరు ఆఫీసర్లొచ్చేరు. ఎనకాలే మేస్త్రి. ఆడు ముందురోజే నా సెవిలో ఊదేడు, 'బిళ్ళ మార్చుకోవడం నేరం, బైటపడితే జైలుకెళ్ళీది నువ్వే' అని. ఆఫీసరు కాయితం తీసి 'ఇతని బిళ్ళలో ఏమీ లేదు. శుభ్రంగా ఉంది' అన్నాడు. ఎందుకుండదురా శుభ్రంగా? అది నా గుండెల మీదుంది, గుమ్మం బైట! నన్నడిగేడు, 'పని చేసినన్నాళ్ళూ బిళ్ళ పెట్టుకునేవాడా?' అని. నేల సూసేను. 'ఎట్టుకునేవాడండి' అన్నాను. ఒక్క ముక్క. 'మరి లివరు పోయి ఉంటుంది, తాగేవాడా?' అన్నాడు. మేస్త్రి 'బాగా అండి' అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. తలుపులమ్మ మూడేళ్ళ మీ నాన్నని సంకనేసుకుని గడపలో నిలబడి 'మా మావ తాగడు బాబూ' అంది. అది రాసుకోలేదు.

ఆ తరవాత నేను యూనియను జెండా పట్టుకున్నాను. తెలుసు కదా నీకు, లాఠీలు తిన్నాను, జైలుకీ ఎల్లేను. ఏ జైలుకి భయపడి అబద్ధమాడేనో ఆ జైలుకే! ఏ గేటు కాడ ఎవడికి అన్నేయం జరిగినా రమణ నోరిప్పితే మేనేజరు కుర్సీ దిగాలనీవారు. మీ ఒక్క ఇంటి గుమ్మంలో మాత్రం ఇప్పలేదు. ఇయ్యాల సెబుదాం, రేపు సెబుదాం. మీ నానమ్మ సెరుకు కొట్టి మీ నాన్నని పెంచింది, తాగుబోతు పెళ్ళామని అనిపించుకుంటానే పెంచింది. ఒకనాడు నా దగ్గరికొచ్చి 'అన్నయ్యా, ఆ ఫేక్టరీ కాడ తాగుడు నేర్సుకున్నాడేమో, నువ్వు నా కాడ దాసేవేమో' అంది. అప్పుడైనా సెప్పేనా? 'ఏమోనమ్మా' అన్నాను. ఏమోనమ్మా! థూ.

ఏటి, అలా సూత్తన్నావు? తిట్టు. కొట్టినా పడతాను. ముందు నా మాటకి సమాధానం సెప్పు. ఆ ముక్క బైట పడున్నప్పుడు నువ్వెంత దూరంలో ఉన్నావు? ఇక్కడినుంచి ఆ గుంజంత దూరమా? ఎంతసేపు? మరి మీటరు ఆపీసినాక కూడా అక్కడే పని సేసేరా? సేతులిలా సాపు. తిప్పు. ఎర్రగా ఏటీ లేదు, ఇప్పుడే ఉండదులే. మొహం ఎందుకలా పీక్కుపోయింది? అన్నం తిన్నావా? తినబుద్ధి కాలేదా. వాంతేవన్నా అయ్యిందేటి? నిన్న బస్సులోనా? రెండుసార్లా?

బస్సు పడలేదంటావేట్రా? రోజూ ఎక్కే బస్సు!

లే. లెగు. ఆ టోపీ పారీ. ఆస్పత్రికి ఎల్తన్నాం, బండి నేను తోల్తాను. డాక్టరుకి పెట్టి కాడున్నానని నీ నోటితో సెప్పాల, క్యాంటీనంటే పళ్ళూడగొడతాను. రేపు ఆఫీసర్ల ముందర నీ పక్కన నేనుంటాను, నా బిళ్ళ కతా ఆల్లకే సెప్తాను, నన్నేటి సేసుకుంటారో సేసుకోనీ. ఆగు, ఆగు. అల్లదిగో మీ నానమ్మ వత్తంది, నిన్ను ఎతుక్కుంటా. మనవడు అన్నం ముట్టలేదని కంచం పట్టుకొచ్చీసింది సూడు. ఒరే, ఆవిడికి నువ్వు సెప్తావా, నేను సెప్పాలా?