నీళ్ళలోంచి లేచిన ‘కుసుమ’ బోటు

13-9-2003, శనివారం. టెక్కలి పోలీస్ స్టేషన్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట చెప్పగా రాసుకున్నది.

నా పేరు మడ్డు ప్రకాష్. తండ్రి పేరు లేటు కామయ్య. వయస్సు 25 సంవత్సరాలు. కులం వాడబలిజ. మాది భావనపాడు. ఇంటర్మీడియట్ వరకు చదివాను. టెక్కలిలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేస్తుంటాను. ఇంతకు ముందు నా మీద ఏ కేసూ లేదు. స్టేషన్ లోపలికి రావడం ఇదే మొదటిసారి.

మా అక్క పేరు కుసుమ. ఆమెను మా ఊరిలోనే మైలపల్లి కృష్ణ గారి కొడుకు యువరాజుకు ఇచ్చాము. యువరాజు బావ 1999 అక్టోబరు తుపానుకు ముందు రోజు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. బోటు కూడా దొరకలేదు. ఆ బోటు నీలం రంగుది. దాని ముందు భాగం మీద బావ తన చేత్తో పసుపు రంగు వేసి ‘కుసుమ’ అని రాసుకున్నాడు. అమ్మవారి పేరు రాయకుండా పెళ్ళాం పేరు రాశాడని ఊళ్ళో నవ్వారు. బావ పట్టించుకోలేదు.

శవం దొరకలేదు కాబట్టి కర్మ చేయలేదు. అక్క ఇప్పటికీ బొట్టు పెట్టుకుంటుంది. అక్క, కృష్ణ మావ ఆ ఇంట్లో ఇద్దరే ఉంటారు. అత్త ముందే పోయింది. తుపాను తర్వాత మావ వేటకు వెళ్ళలేదు. ఇంటి వెనక కూర్చుని ఇతరుల వలలు బాగు చేస్తాడు. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంటాడు.

ఇక మీరు అడిగిన అంతరిక్ష నౌక సంగతి చెబుతున్నాను. అది బొమ్మ. కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సి.డి.లో త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది. రెండేళ్ళ కిందట దాన్ని స్టూడియో కంప్యూటర్‌లో వేసుకున్నాను. ఓనరు గారికి తెలుసు. పెళ్ళిళ్ళు లేని మూఢంలో చేసుకోమన్నారు. ఎవరూ నేర్పలేదు. పెట్టెలు, గొట్టాలు, గోళాలు ఒకదానికొకటి అతికించుకుంటూ పోతే ఆకారం వస్తుంది. తర్వాత దానికి తోలు తొడిగినట్టు ఫోటోలు తొడగాలి. నా నౌకకు తొడిగింది మా ఊళ్ళో చేపలు మోసే సత్తు గంపల ఫోటో. సొట్టలు పడిన సత్తు చాలా దూరం ప్రయాణం చేసి వచ్చిన ఇనుములా కనబడుతుంది. అది చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

అంతరిక్ష నౌకలే ఎందుకు అని మీరు అడిగారు. చిన్నప్పుడు బావతో వేటకు వెళ్ళినప్పుడు తెల్లారకముందు ఆకాశంలో ఒక చుక్క నడిచి వెళ్ళేది. అది చుక్క కాదు, మనుషులు పంపిన యంత్రం అని బావ చెప్పాడు. అప్పటినుంచి ఇష్టం. అంతకంటే కారణం లేదు.

నౌక తయారయ్యాక అది ఎంత పెద్దదో తెలియడం లేదు. పక్కన ఏదైనా పెడితేనే తెలుస్తుంది. మొదట లారీ పెట్టాను. ఆటబొమ్మలా ఉంది. నాకు బాగా తెలిసింది బోటు. అందుకని బోటు చేశాను. రంగూ పేరూ లేకుండా బోటు బోటులా లేదు. నీలం రంగు వేశాను. పేరు రాశాను. రాసేటప్పుడు ఎవరికైనా చూపించాలని అనుకోలేదు. మా అక్కకు కూడా చూపించలేదు.

వెనక ఉన్న సముద్రం మాత్రం బొమ్మ కాదు. మా ఊరి హార్బరు దగ్గర నేనే వీడియో కెమెరాతో తీశాను. ఆ సముద్రం మీద మబ్బులోంచి నౌక దిగుతుంది. నీళ్ళలోంచి బోటును లాగుతుంది. బోటు నుంచి నీళ్ళు కారుతుంటాయి. నౌక బోటుతో పాటు మబ్బులోకి పోతుంది. మొత్తం నిమిషం కూడా ఉండదు. ఒక్కొక్క ఫ్రేము కంప్యూటర్ గీయడానికి చాలా సేపు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదలు. ఈ నిమిషానికి వేసవి మొత్తం పట్టింది.

స్టూడియోకు ధీరజ్ గారు వస్తుంటారు. టెక్కలిలో లోకల్ కేబుల్ చానల్ ఆయనదే. షాపుల ప్రకటనలు మేమే చేసి ఇస్తాము. ఆయన ఈ బొమ్మ చూసి, “ఏటిరా ఇది, నువ్వే సేసినావా? సి.డి. ఇవ్వు, మన చానల్‌లో ఏద్దాం. మన కుర్రోడు సేసినాడని అందరికీ తెలియాలి కదా” అన్నారు. నేను మొదట వద్దన్నాను. తర్వాత ఇచ్చాను. ఇచ్చే ముందు బోటు మీద పేరు తీసేయాలని అనుకున్నాను. తీస్తే ఆ భాగం మొత్తం మళ్ళీ గీయించాలి. ఆయన ఆగలేదు. బొమ్మకు ముందు ‘ఇది కల్పితం. కంప్యూటర్‌లో తయారు చేసినది: ప్రకాష్, భావనపాడు’ అని అక్షరాలు వేసి ఇచ్చాను. ఆ అక్షరాలు మీరు నిన్న కంప్యూటర్‌లో చూశారు.

మంగళవారం, 9వ తేదీ ఉదయం వార్తల్లో దాన్ని వేశారు. ముందున్న అక్షరాలు కోసేశారు. కింద ‘భావనపాడు తీరంలో వింత దృశ్యం’ అని అక్షరాలు పరిగెత్తించారు. నేను స్టూడియోలో పలాస పెళ్ళి ఒకటి మిక్సింగ్ చేస్తున్నాను. నాకు తెలియదు. ఫోను వచ్చింది. అక్క ఊళ్ళో ఎస్.టి.డి. బూత్ నుంచి చేసింది. ఏడవడం లేదు. గట్టిగా మాట్లాడుతోంది.

“తమ్ముడా, మీ బావ బోటు టీవీలో సూపించినారు. సముద్రంలోంచి ఏదో ఎత్తింది. నా పేరు ఉంది. నా కళ్ళతో సూసినాను. మావా సూసినాడు.”

“అక్కా, అది నాను సేసిన బొమ్మ” అన్నాను.

ఫోను పెట్టేసిందనుకున్నాను. తర్వాత, “పేరు కూడా నువ్వే రాసినావా?” అంది.

“నానే రాసినాను.”

“ఓలమ్మ. మీ మావ తెప్ప తీసుకుని ఎల్లిపోతన్నాడురా” అని ఫోను వదిలేసింది. రిసీవరు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

ఆ రోజు వాయుగుండం ఉందని బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. నేను ఓనరు గారి బండి మీద ఊరికి వెళ్ళేసరికి ఒడ్డు నిండా జనం ఉన్నారు. మావ పక్కింటివాళ్ళ తెప్ప నీళ్ళలోకి తోసుకుని ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆయనకు అరవై దాటాయి. అక్క మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, “బొమ్మంట మావా, తిరిగొచ్చీ” అని అరుస్తూనే ఉంది. గొంతు పోయింది. అప్పటికే తెప్ప కెరటాలు దాటేసింది. తర్వాత వాన జల్లులో కనిపించలేదు.

కొందరు నా చొక్కా పట్టుకున్నారు. ఒకరిద్దరు కొట్టారు. వాళ్ళ పేర్లు మీరు అడిగారు. నేను చెప్పను. నాకు ఫిర్యాదు లేదు.

అప్పుడు తవిటమ్మ అనే ముసలామె జనాన్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె పెద్దకొడుకు కూడా అదే తుపానులో పోయాడు. నా చేయి పట్టుకుంది. “బాబూ, ఒక్క బోటే ఎత్తిందా? మా పెద్దోడి బోటు ఎత్తనేదా?” అని అడిగింది.

“అది నిజం కాదు పెద్దమ్మా. బొమ్మ. నాను గీసినాను” అన్నాను.

ఆమె నా చేయి వదల్లేదు. “బొమ్మే అయితే ఇంకోటి ఎత్తితే నీ సొమ్మేటి పోద్దిరా?” అంది.

కొట్టినవాళ్ళ దెబ్బలు నాకు గుర్తు లేవు. ఆమె అడిగింది గుర్తుంది. ఇది కూడా రాయండి.

మధ్యాహ్నం గాలి కొంచెం తగ్గాక మా ఊరివాళ్ళు నాలుగు ఫైబర్ బోట్లు దించారు. నన్ను తిట్టినవాళ్ళే దించారు. నేనూ ఎక్కాను. బావ పోయాక నేను సముద్రం మీదికి వెళ్ళలేదు. చీకటి పడేవరకు వెతికాము. వీడియోలో కనిపించిన చోటుకు కూడా వెళ్ళాము. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. నేను తీసిన సముద్రమే, కానీ గుర్తుపట్టలేకపోయాను.

మర్నాడు ఉదయం కబురు వచ్చింది. నీటివాలు తెప్పను ఉత్తరానికి లాక్కుపోయి, మందస వైపు ఒక జీడితోటల ఊరి ఒడ్డున పడేసింది. తోటకు వెళ్ళే ఆడవాళ్ళు చూసి, కొబ్బరినీళ్ళు పట్టి, ఆటోలో పలాస ఆసుపత్రికి చేర్చారు. మావకు పక్కటెముక విరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు.

అదే రోజు ధీరజ్ గారి తండ్రి నారాయణరావు గారు స్టూడియోకు మనిషిని పంపారు. ఇది నిజమైన వీడియో అని నేనే చెప్పి ఇచ్చినట్టు ఒప్పుకుంటే, కేసు లేకుండా తాము చూసుకుంటామని ఆ మనిషి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నేను అలా చెప్పలేదు కాబట్టి ఒప్పుకోలేదు. ధీరజ్ గారి మీద నాకు కోపం లేదని రాయిస్తే పెద్దలు సర్దుబాటు చేస్తారని ఇవాళ స్టేషన్ బయట ఒకరు చెప్పారు. అలా రాయవద్దు. కోపం ఉంది.

గురువారం అక్కా నేనూ పలాస వెళ్ళాము. బస్సులో అక్క నాతో మాట్లాడలేదు. దిగాక కమలాపండ్లు కొని సంచీ నా చేతికి ఇచ్చింది. మావ మంచం మీద పడుకుని ఉన్నాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నన్ను చూసి కూర్చోమన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

“అక్క అరిసింది ఇనపడనేదా మావా?” అని అడిగాను.

“ఇనపడింది. బొమ్మంట అని ఇనపడింది. కాళ్ళు ఆగనేదురా. నాలుగేళ్ళయి ఓ పాలి ఎల్లి సూడాలనే ఉండేది. ఎల్లడానికి ఏదో ఒకటి కావాలి గదా. అదొచ్చింది, ఎల్లినాను.”

తర్వాత, “ఆ యంత్రం బోటుని ఎక్కడికి పట్టుకుపోద్ది?” అని అడిగాడు.

“తెల్దు మావా. మబ్బులోకి ఎల్లినాక ఆపేసినాను.”

“అక్కడ ఆపితే ఎలాగరా. మన ఒడ్డుకి తెచ్చి దించు. నీకు వచ్చు గదా. దించీ.”

సరే మావా అనబోయాను. అక్క కమలా ఒలుస్తోంది. తల ఎత్తకుండానే, “ఒద్దు” అంది.

మావ అక్క వైపు చూశాడు.

“ఒద్దు మావా. దించితే నాను మళ్ళీ గుమ్మంలో కూకోవాల. ఎల్లినట్టు సూసినాను. నీళ్ళలోంచి లేసి పైకి ఎల్లిపోనాడు. నాకు అది సాలు. ఆడిని ఎల్లనీ.”

మావ గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. పక్కటెముక నొప్పి అనుకుని నర్సు వచ్చింది. నొప్పి కాదని అక్క చెప్పింది. ఒలిచిన తొనలు మావ చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకునే కూర్చుంది. కాసేపటికి మావ ఇటు తిరగకుండానే, “అయితే ఆడికి సెయ్యాల్సింది సేసేద్దాం. నాను ఇంటికొచ్చాక” అన్నాడు. నాలుగేళ్ళలో ఆ మాట ఎవరం అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క మాట్లాడింది. కర్మ రోజు పటం పెట్టాలి, బావ బోటు మీద ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు అంది. నా బొమ్మలోంచి బోటు నీళ్ళు విడిచి పైకి లేచిన చోట ఒక ఫోటో తీసి ఇమ్మంది. “పైన ఆ ఇనప సామాను ఒద్దు. బోటు ఒక్కటే ఉండాల. పేరు కనపడాల” అంది.

నేను రెండేళ్ళు కష్టపడి చేసింది ఆ నౌకను. బోటు చేయడానికి పట్టింది వారం. అయినా అక్క చెప్పినట్టే నౌకను కత్తిరించేసి ఇస్తానన్నాను.

ఆ బొమ్మ ఉన్న కంప్యూటర్ ఇప్పుడు మీ స్వాధీనంలో ఉంది. కేసు తేలేవరకు దాన్ని నాకు ఇవ్వకపోయినా ఫరవాలేదు. మీ ఎదుటే కూర్చుని, ఒక్క ఫోటో ప్రింటు తీసుకోనివ్వమని వేడుకుంటున్నాను. ఆసుపత్రివాళ్ళు మావను సోమవారం పంపిస్తామన్నారు.

పైన రాసిందంతా నేను చెప్పిందే. ఎవరి భయానికీ, ఎవరి మాట కోసమూ చెప్పింది కాదు. చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకుని, సంతకం చేస్తున్నాను.

(సంతకం) మడ్డు ప్రకాష్