కాళ్ల కింద పలక

(ఆదివారం సాయంత్రం. కంప్యూటర్ ముందు, ఆన్‌లైన్ ఆట ఒకటి తయారుచేస్తూ అక్క కూతురు, పక్కనే కుర్చీ లాక్కుని పిన్ని.)

"చూశావా పిన్నీ, పలక కదిలింది!"

"కదిలింది సరే. మీదున్న నీ బొమ్మ ఏదీ?"

"లోయలో పడింది."

"అందరూ చేసే తప్పే చేశావు. ఆటకి రాసిన స్క్రిప్టులో పలక చోటు మార్చావు గానీ దానికి వేగం ఇవ్వలేదు. పలక దాని దారిన అది పోతుంది, ఎక్కినవాడు గాల్లో మిగిలిపోతాడు. జరుగు, సరిచేస్తా. ఆఫీసులో నేను చేసేదిదేగా."

"వద్దు."

"వద్దా?"

"అలాగే ఉండనీ. నాకదే కావాలి."

"ఎవర్ని పడేద్దామనే?"

"ఎవరో ఒకర్ని."

"మరి స్క్రిప్టులో పరీక్షకి నీ పేరు కాక ఇంకొక్క పేరే రాశావేం? ఆ పేరున్నవాడు ఎక్కితేనే కదులుతుందని... ఆగు, ఇది ఆటలో మీ నాన్నకి నువ్వు పెట్టిచ్చిన పేరు కదూ?"

"అయితే?"

"ప్రతి ఆదివారం ఆయనతో ఆడతావు కదే!"

"ఆడతాను! అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఒక్క ఫోన్ లేదు. ఆ రెండో పెళ్లాం, వాళ్ల పాపా వచ్చాక మా గుమ్మమే తొక్కలేదు. ఈ ఆటలోకి మాత్రం గెంతుకుంటూ వచ్చి, 'నీ ఇల్లు భలే ఉంది' అని టైపు చేస్తాడు. ఒళ్లు మండిపోతోంది పిన్నీ."

"మండదూ మరి! మా అక్కని ఏడిపించినవాడు. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. మధ్యదాకా రానిస్తా. కాళ్ల కింద ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో ఆయనకీ తెలియాలి."

"సరే... అయితే ఇంకాస్త త్వరగా జరిగేట్టు పెట్టు. లేకపోతే అవతలికి దూకేస్తాడు."

"పిన్నీ!"

"ఏం, నాకు మాత్రం కసి లేదా? అదిగో, వచ్చాడు."

"ఎక్కు... ఎక్కు నాన్నా... ఇంకొంచెం..."

"పడ్డాడు!"

"మళ్లీ వస్తున్నాడు. రా, రా. పడ్డాడు! మళ్లీ! అబ్బ, ఎంత హాయిగా ఉందో!"

"ఆగవే, ఏదో టైపు చేస్తున్నాడు. బతిమాలుతున్నాడా? చదువు, చదువు."

"ఉండు, చదువుతున్నా."

"పైకి చదవవే. ఏం రాశాడు?"

"'అక్కా, ఎన్నిసార్లు ఎక్కినా పడిపోతున్నా, నేర్పవా? కోప్పడనంటే ఒకటి చెప్తా. నాన్న ఎప్పుడో మానేశాడు. ఆయన ఫోన్లోంచి ఇన్నాళ్లూ వచ్చింది నేనే.'"