అయిదో గుండీ

విమానాశ్రయం బయట ఇద్దరు బస్సు కోసం నిలబడ్డారు. ఒకడు ఈ దేశంలో ఇప్పుడే, అదీ రెండ్రోజులు ఆలస్యంగా దిగిన కుర్ర టైలరు. రెండో ఆయన, అతని అన్న పనిచేసే కొట్లో బట్టలు ఇస్త్రీ చేసే పెద్దాయన. అన్నదీ ఆయనదీ ఒకటే గది. అందరికీ ఆయన ఇస్త్రీ బాబాయే.

“ఇంకోసారి చెప్పు. పెట్టె ఎక్కడికి పోయిందన్నారు?”

“ఏదో ఊరి పేరు చెప్పారు బాబాయ్. నాకు నోరు తిరగలేదు. నేనో దేశానికి, నా పెట్టె ఇంకో దేశానికి.”

“వస్తుందిలే. నాది పదకొండో రోజున వచ్చింది. అన్నాళ్ళూ మీ అన్న చొక్కాలే తొడిగాను. పొట్ట దగ్గర గుండీలు పట్టేవి కావు.”

“ఆసుపత్రిలో అన్న ఎలా ఉన్నాడు?”

“పెట్టెలో ఏమున్నాయి?”

“బట్టలు. అన్నకి మందులు. ఎలా ఉన్నాడు బాబాయ్?”

“నిన్నంతా నీకు ఫోన్ చేశాను. కలవలేదు.”

“మన దేశం దాటాక నా ఫోను మూగనోము పట్టింది.”

“అదిగో బస్సు. కాదులే, మనది కాదు. కత్తెర తెచ్చావా? తమ్ముడు నాన్న కత్తెర తెస్తాడు, తెస్తాడు అని నా చెవినిల్లు కట్టుకుని పోరాడు మీ అన్న.”

“లేదు.”

“లేదా?”

“విమానం ఎక్కేచోట తీసేసుకున్నారు. చేతిసంచీలో పెట్టుకున్నాను.”

“పన్నెండంగుళాల కత్తెర, చేతిసంచీలోనా? నీకు మతి ఉందా?”

“పెట్టెలో వేస్తే పోతుందేమోనని. నాన్న కత్తెర పరాయి చేతికి ఇవ్వొద్దని అన్నే చెప్పాడుగా.”

“టైలరు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు.”

“పెట్టె ఇచ్చాను, కత్తెర ఇవ్వనన్నాను. పెద్దాఫీసరు వచ్చేదాకా కూర్చోబెట్టారు. ఈలోపు విమానం పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు, తర్వాత కత్తెరా పోయింది.”

“రెండ్రోజులూ అందుకేనా?”

“అందుకే. నోరు మూసుకుని ఇచ్చేసుంటే మొన్ననే దిగేవాణ్ణి. నువ్వు అన్నతో చెప్పకు. నేనే చెప్తాను.”

“చెప్పను.”

“తిడతాడా?”

“తిట్టడు.”

“ఇన్ని కార్లున్నాయి, ఎవరూ హారను కొట్టరేంటి?”

“అలవాటవుతుంది.”

“ఎండ ఉంది, వేడి లేదు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. దిగగానే ఏదో అనిపిస్తుందనుకున్నాను బాబాయ్. ఏమీ అనిపించట్లేదు. చేతులు కూడా నావి కానట్టున్నాయి.”

“చలికి. ఇదిగో, ఈ కోటు తొడుక్కో.”

“మరి నీకో?”

“నాకుంది. ఇది నీదే. మీ అన్న కుట్టాడు.”

“ఆసుపత్రిలోనా?”

“మంచం మీద కూర్చునే. పడుకోరా అంటే వింటేగా. తమ్ముడు పల్చటి చొక్కాతో దిగుతాడు, కొయ్యబారిపోతాడు అని ఒకటే గోల. కొలతలు నువ్వే పంపావా?”

“లేదు. అన్న నన్ను చూసి మూడేళ్ళయింది.”

“భుజాలు సరిపోయాయి.”

“చేతుల పొడవూ సరిపోయింది. ఇటునుంచి ఇటే ఆసుపత్రికి వెళ్దాం.”

“ముందు గదికి పోదాం. స్నానం చెయ్యి. ఏదైనా తిను.”

“విమానంలో తిన్నాను.”

“ఏం తిన్నావు?”

“గుర్తులేదు. ఆసుపత్రికి వెళ్దాం బాబాయ్.”

“గుండీలు పెట్టుకో. గాలి కొడుతోంది.”

“ఇవి అన్న కుట్టినవే. గుండీ కింద దారం మూడు చుట్లు చుడతాడు, కాస్త ఎత్తుగా నిలబడాలని. నాన్న నేర్పాడు.”

“మన బస్సొచ్చింది. పద.”

“నాలుగూ అలాగే ఉన్నాయి. అయిదోది గుడ్డకి అతుక్కుపోయింది. దీనికి చుట్లు లేవు.”

“పదరా, డ్రైవరు ఆగడు.”

“ఒక్క గుండీ మిగిల్చి అన్న కోటు పక్కన పెట్టడు బాబాయ్. ఎంత జ్వరమొచ్చినా పెట్టడు. ఇదెవరు కుట్టారు?”

“నేనే. నిన్న పొద్దున, వాడి వేళ్ళ మధ్య నుంచి సూది తీసి, నేనే కుట్టాను.”